సముద్రం దగ్గర ఇంటి గేటుకు జింక్ రిచ్ ఎపాక్సీ ప్రైమర్ కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: విశాఖలో బీచ్‌కు దగ్గర్లో ఇల్లు, పాత ఎంఎస్ (మామూలు ఇనుము) గేటు, బాల్కనీ గ్రిల్స్. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ (అడుగు కోటు) మీద ఎనామెల్ వేయిస్తే ఏడాది తిరక్కుండానే తుప్పు తేలుతోంది. షాపులో జింక్ రిచ్ ఎపాక్సీ ప్రైమర్ తీసుకోమన్నారు. కొనాలా వద్దా?

మీ గేటుకైతే వద్దండి. జింక్ రిచ్ గొప్ప ప్రైమరే, కాదనను. అందులోని జింకు పొడి ఇనుముకు బదులు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. కానీ ఆ పని జరగాలంటే జింకు నేరుగా ఇనుముకు తగలాలి. అంటే శాండ్ బ్లాస్టింగ్ చేసి, ఎస్ఏ 2½ అనే స్థాయికి ఉత్త ఇనుము తేలేదాకా శుభ్రం చేయాలి. ఇంటి దగ్గర ఎమెరీతో రుద్దిన గేటు మీద ఎంతో కొంత తుప్పు, పాత పెయింటు మిగిలే ఉంటాయి. వాటి మీద వేస్తే ఎక్కువ డబ్బు పోసి మామూలు ప్రైమర్ వేసినట్టే. పైగా దాని మీద నేరుగా ఎనామెల్ వేస్తే, ఎనామెల్‌లోని నూనె జింకుతో కలిసి సబ్బులా మారి పెచ్చులుగా ఊడిపోతుంది. జింకు పూత ఉన్న జీఐ పైపుల మీద ఎనామెల్ నిలవకపోవడానికి కారణం కూడా ఇదే.

కాకినాడలో మాది ఫ్యాబ్రికేషన్ షెడ్డు, ఉప్పుగాలి తగిలే ఇళ్ల పనులే ఎక్కువ. డబ్బా కొనేముందు మేం చూసేది ఒక్కటే, ఆ ఇనుమును ఎంతవరకు శుభ్రం చేయగలం అని. కొత్త ఇనుమైతే జింక్ ఫాస్ఫేట్ ఎపాక్సీ చాలు. మీలాంటి పాత గేటుకైతే సర్ఫేస్ టాలరెంట్ ఎపాక్సీ, అంటే ఎపాక్సీ మాస్టిక్ అని అడగండి. చేత్తో, గ్రైండర్‌తో శుభ్రం చేసిన ఇనుము కోసమే దాన్ని తయారుచేస్తారు. చిక్కగా ఉంటుంది, ఒక్క కోటుకే మందం వస్తుంది. జీఐ భాగాలుంటే ఆ ప్రైమర్ జీఐకి పనికొస్తుందని కంపెనీ ఇచ్చే డేటా షీట్‌లో రాసి ఉందో లేదో చూసుకోండి.

కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. గుడ్డను ఎపాక్సీ థిన్నర్‌లో తడిపి పాత పెయింటు మీద కాసేపు అంటించి ఉంచండి. పెయింటు ముడతలు పడినా, మెత్తబడి గుడ్డకు అంటుకున్నా దాని మీద ఎపాక్సీ నిలవదు. అప్పుడు పాతదంతా గీకేయాల్సిందే. ఎనామెల్ సాధారణంగా ఈ పరీక్షకు తట్టుకోదు, కాబట్టి పెయింటర్‌తో కూలి మాట్లాడేటప్పుడే ఆ పని కూడా కలిపి మాట్లాడుకోండి.

శుభ్రం చేయడంలో మొదటి పని రుద్దడం కాదు, మంచినీళ్లతో కడగడం. ఉప్పు ఉండగానే రుద్దితే అది గుంటల్లోకి దిగుతుంది. తర్వాత పెయింటు కింద తేమను లాగి పొక్కులు తేలుస్తుంది. కడిగి, పూర్తిగా ఆరాక గ్రైండర్ పట్టించండి. గ్రైండర్‌కు బిగించే తీగల కప్ బ్రష్ తిప్పగానే గేటు తళతళలాడుతుంది, పనైపోయిందనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూడండి: గుంటల్లో నల్లగా, నున్నగా మెరిసే పొర కనిపిస్తుంది. అది ఇనుము కాదు, పాలిష్ పట్టిన తుప్పు. దాని మీద పెయింటుకు పట్టు దొరకదు. ఎమెరీ ముక్కలుండే ఫ్లాప్ డిస్క్‌తోనో 80 నంబరు ఎమెరీతోనో మళ్లీ గరుకు చేయించండి. తుడిచిన రోజే ప్రైమర్ పడాలి, మన తీరంలో రాత్రి గడిస్తే ఎర్రటి పొడి మళ్లీ కనబడుతుంది.

ఎపాక్సీ రెండు డబ్బాలుగా వస్తుంది: బేస్, దాన్ని గట్టిపరిచే హార్డనర్. రెండూ డబ్బా మీదున్న కొలత ప్రకారమే కలపాలి. త్వరగా ఆరుతుందని హార్డనర్ ఎక్కువ పోసే పెయింటర్లున్నారు. అలా ఆరదు, కోటు పాడవుతుంది. కలిపేముందు బేస్ డబ్బా అడుగున పేరుకున్న ముద్దను బాగా తిప్పాలి. ఎండాకాలంలో కలిపిన ప్రైమర్ తొందరగా చిక్కబడుతుంది. అప్పుడు థిన్నర్ పోసినా తిరిగి పనికిరాదు, అందుకే కొంచెం కొంచెంగా కలుపుకోండి. టర్పెంటైన్ అసలు వాడొద్దు. ముందు వెల్డింగ్ జాయింట్లకు, అంచులకు, గేటు అడుగు పట్టీకి బ్రష్‌తో ఒక చేయి వేయించి, తర్వాత మొత్తం కోటు వేయించండి. తుప్పు మొదలయ్యేది అక్కడే.

మంచు పూర్తిగా ఆరాక మొదలుపెట్టి, సాయంత్రం చెమ్మ దిగకముందే ముగించండి. గాల్లో తేమ 85 శాతం దాటిన రోజు పని ఆపేయడం మేలు.

ఎపాక్సీ ఎండకు సుద్దలా పొడి రాలుతుంది కాబట్టి పైన టూ ప్యాక్ పీయూ (రెండు డబ్బాలు కలిపి వేసే పాలీయురేథేన్) కోటు తప్పదు. అందులోని ఐసోసయనేట్ అనే రసాయనం ఊపిరితిత్తులకు ప్రమాదం. స్ప్రే చేయిస్తే పెయింటర్‌కు తగిన రెస్పిరేటర్ ఇవ్వండి, ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సరిపోదు. డేటా షీట్‌లో చెప్పిన రీకోట్ గడువు (తర్వాతి కోటు వేయడానికి ఇచ్చిన సమయం) దాటిపోతే ప్రైమర్‌ను మళ్లీ గరుకు చేశాకే పీయూ వేయాలి.

గుడ్డ పరీక్షలో ఏమైందో, గ్రిల్స్ ఎంఎస్సో జీఐయో ఇక్కడ రాయండి. దాన్నిబట్టి గ్రిల్స్‌కు ఏది సరిపోతుందో చెప్తాను.