డీబీఎక్స్ రాయబోతే ఇన్‌వాలిడ్ పారామీటర్: షేర్డ్ మెమరీ పెంచినా ఎందుకు పోదు?

యూ-బూట్ (బోర్డు బూట్‌లోడర్) నుంచి చిన్న యూఈఎఫ్ఐ వేరియబుల్స్ రాయగలుగుతున్నారు, డీబీఎక్స్ (dbx, సెక్యూర్ బూట్ నిషేధించిన ఫైళ్ల లిస్టు) దగ్గరే ఇన్‌వాలిడ్ పారామీటర్ వస్తోంది, ఆప్-టీలో (సెక్యూర్ వైపు నడిచే చిన్న ఓఎస్) షేర్డ్ మెమరీ సైజు పెంచినా మారలేదు అన్నారు. ఆప్-టీలో స్టాండలోన్ ఎంఎం (ఈడీకే2 అనే ఫర్మ్‌వేర్ కోడ్‌లో, ఈ వేరియబుల్స్‌ని చూసుకునే భాగం) నడిపే బోర్డు మీద నాకూ ఇదే ఎదురైంది.

మీరు పెంచింది ఆప్-టీ ముందే రిజర్వ్ చేసి ఉంచే పూల్. యూ-బూట్ డ్రైవర్ దాన్ని వాడదు. తన మెమరీలోంచే బఫర్ తీసుకుని ఆప్-టీ దగ్గర రిజిస్టర్ చేస్తుంది. కాబట్టి ఆ సెట్టింగ్ వదిలేయండి.

అసలు ఇరుకు, ఆప్-టీ స్టాండలోన్ ఎంఎంకి మ్యాప్ చేసి ఇచ్చే నాన్-సెక్యూర్ బఫర్‌లో ఉంది. నేను పనిచేసిన కోడ్‌లో అది ఒక్క పేజీ, అంటే 4096 బైట్లు. అందులో కమ్యూనికేట్ హెడర్‌కి 24, వేరియబుల్ హెడర్‌కి 16 పోతాయి. ఈడీకే2 సైజు చెక్‌లో చిన్న తేడా ఉండటంతో యూ-బూట్ ఇంకో 2 తగ్గిస్తుంది. మిగిలిన 4054లో యాక్సెస్ హెడర్ 36, యూటీఎఫ్-16లో (అక్షరానికి 2 బైట్లు) "dbx" పేరుకి, చివరి సున్నాతో కలిపి, 8. డేటాకి దక్కేది 4010. ఒక్కో ఎస్‌హెచ్‌ఏ-256 ఎంట్రీకి ఓనర్ జీయూఐడీతో (ఎంట్రీ ఎవరిదో చెప్పే గుర్తు) కలిపి 48 బైట్లు కావాలి, పైన సంతకం బరువు వేరే. అసలైన డీబీఎక్స్ లిస్టుల్లో వందల ఎంట్రీలుంటాయి, ఇక ఎలా పడుతుంది?

మార్చాల్సినవి మూడు చోట్ల ఉన్నాయి: ఆప్-టీలో ఆ బఫర్ పేజీలు, ఈడీకే2లో ఆథెంటికేటెడ్ వేరియబుల్ గరిష్ట సైజు, యూ-బూట్‌లో ఒక్క పేజీకి పెట్టిన కోత. వీటిలో ఏది చిన్నదైతే అదే మీ హద్దు. సెక్యూర్ వైపు నుంచి మొదలుపెట్టండి. యూ-బూట్‌లో మాత్రమే పెంచితే ఆప్-టీ ఆ బఫర్‌ని మ్యాప్ చేయనంటుంది.

దయచేసి సైజు చెక్‌లు తీసేసి పని కానివ్వకండి. వెరిఫై చేసే మధ్యలో బయటివాళ్లు డేటా మార్చకుండా స్టాండలోన్ ఎంఎం దాన్ని ముందు తన సొంత మెమరీలోకి కాపీ చేసుకుంటుంది. చెక్ లేకపోతే ఆ కాపీయే పొంగి పక్క మెమరీని పాడుచేస్తుంది.

అపెండ్ రైట్‌తో (ఉన్నదాని చివర కలుపుతూ) ముక్కలుగా రాయొచ్చు కదా అని చాలామంది అంటారు. రాయడం వరకు సరే. చదివేటప్పుడు మొత్తం వేరియబుల్ అదే బఫర్‌లో పట్టాలి, అక్కడ ఆగిపోతుంది.

మార్చాక యూ-బూట్ అందుకున్న పేలోడ్ సైజుని ప్రింట్ చేయించండి. సరిగ్గా ఆ హద్దుకి సరిపడేది ఒకటి, ఒక్క బైటు ఎక్కువది ఒకటి రాసి చూడండి. మొదటిది రాసి, తిరిగి చదవగలగాలి. రెండోది ఎర్రర్‌తో వెనక్కి రావాలి.