గడియారం వైపే వాలి ఉండాలి

ప్రశ్న: మాస్టారూ, మా స్కూలు స్టోరు గదిలో పాత ఇత్తడి యంత్రం ఒకటి దొరికింది. మధ్యలో దీపం, పొడవాటి చేతి చివర భూగోళం, దాని పక్కన చిన్న చంద్రుడు. పిడి తిప్పితే తిరుగుతున్నాయి. దీన్నేమంటారు? పిల్లలకు చూపించవచ్చా?
– ఒక సైన్సు టీచరు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తప్పకుండా చూపించండమ్మా. సూర్యుడు, భూమి, చంద్రుడు మాత్రమే ఉంటే టెల్యూరియం. మిగతా గ్రహాలు కూడా ఉంటే ఆరరీ. 1704 ప్రాంతంలో లండన్‌లో జార్జ్ గ్రాహం ఇలాంటి యంత్రం చేస్తే, దాన్ని చూసి జాన్ రౌలీ ఆరరీ ప్రభువు కోసం ఇంకొకటి చేశాడు. చివరికి నిలిచింది ప్రభువు పేరు. చేసిన చేతులు మరుగున పడ్డాయని నాకు ఇప్పటికీ బాధే.

క్లాసులో పెట్టేముందు ఒక పరీక్ష చేయండి. ఉత్తర ధ్రువం గోడగడియారం వైపు వాలేలా పెట్టి, పిడి మెల్లగా తిప్పండి. భూమి ఒక చుట్టు పూర్తిచేసేదాకా ధ్రువం గడియారం వైపే వాలి ఉండాలి. చేతి కింద చూడండి: దీపస్తంభానికి కదలని కప్పీ, భూమి కింద అంతే సైజు కప్పీ, రెండిటికీ కలిపి ఒక తాడు ఉంటాయి. తాడు వదులైతే జారిపోయి, భూమి వాలు కూడా చేతితోపాటే తిరుగుతుంది. ధ్రువం దీపం వైపు ఉండగా మొదలుపెడితే మనకు ఏడాదంతా ఎండాకాలమే!

పాతికేళ్ల కిందట విజయవాడలో నేను అలాగే పాఠం చెప్పేశాను. వెనక బెంచీ అమ్మాయి లేచి, "మరి చలికాలం ఎప్పుడొస్తుంది మాస్టారూ?" అంది. ఆ సాయంత్రమే కుట్టుమిషను తోలు బెల్టు కొని, పొడవుకు కోసి, రెండు కొసలనూ బెల్టు కొక్కేంతోనే కలిపి, వదులైన తాడు బదులు కప్పీలకు తగిలించాను. మర్నాడు పాఠం మళ్లీ మొదటినుంచీ చెప్పాను. ఆ ప్రశ్న అడిగినందుకు ఆ పిల్లకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

యంత్రంలోని దూరాలు మాత్రం నిజం కావని ముందే చెప్పండి. సూర్యుడు ఫుట్‌బాల్ అంత ఉంటే భూమి ఆవగింజంత, అదీ 24 మీటర్ల దూరంలో. గ్రౌండులో అడుగులు వేయించండి. దగ్గరవడం వల్ల ఎండాకాలం వస్తుందనే పిల్లలుంటారు. భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరయ్యేది జనవరి మొదటి వారంలో, మనం దుప్పట్లు కప్పుకునే రోజుల్లో!

భూగోళం మీద గుంటూరు దగ్గర బొట్టుబిళ్ల అంటించండి. మే 5 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 8 ప్రాంతంలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తిమీదికే వస్తాడు. ఆ రోజు గ్రౌండులో నిటారుగా కర్ర పాతి, నీడ దాని మొదట్లోకి ముడుచుకుపోవడం పిల్లల్నే చూడనివ్వండి.