లెనోవో ప్రపంచ బ్రాండ్ ఎలా అయింది: కొనుగోలుదారుల బల్ల ఇవతల నుంచి చూసిన సంగతి

చైనా బయట పెద్దగా ఎవరికీ తెలియని లెనోవో, అమ్మకాల్లో తనకు సుమారు మూడింతలున్న ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ల విభాగాన్ని కొని, ఆ తర్వాత ప్రపంచ బ్రాండ్‌గా ఎలా నిలబడిందని, అది ప్రకటనల గొప్పతనమా లేక తక్కువ ధరల ఫలితమా అని మీరు అడిగారు. ఆ రెండూ ప్రధాన కారణాలు కావని నా అభిప్రాయం. కొన్న వెంటనే ఏవేవి మార్చకూడదో ఆ కంపెనీకి తెలిసి ఉండటమే అసలు కారణమని అనుకుంటున్నాను. ఇలా అనుకోవడానికి కొంత స్వానుభవం ఉంది.

2004 డిసెంబరులో ఈ ఒప్పందం వార్త వచ్చేనాటికి నేను అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒక మధ్యతరహా సంస్థ ఐటీ విభాగంలో పనిచేస్తున్నాను. ఉద్యోగులకు ఏ ల్యాప్‌టాప్ కొనాలో, ఎన్నేళ్లకొకసారి మార్చాలో సిఫారసు చేసే ముగ్గురిలో నేనొకణ్ని. మా దగ్గర వాడుకలో ఉన్నవన్నీ ఐబీఎం ల్యాప్‌టాప్‌లైన థింక్‌ప్యాడ్‌లే. ఒప్పందం విలువ 125 కోట్ల డాలర్ల నగదు, షేర్లు, దానికి తోడు 50 కోట్ల డాలర్ల అప్పుల బాధ్యత అని పత్రికల్లో చదివాం కానీ, మా సమావేశంలో ఆ అంకెల ప్రస్తావనే రాలేదు. చెడిపోతే బాగుచేసేది ఎవరు, వారంటీ కాగితం మీద ఎవరి పేరుంటుంది, కీబోర్డు ఇలాగే ఉంటుందా అన్న మూడు ప్రశ్నల చుట్టూనే చర్చ తిరిగింది. ఇక ముందు నాసిరకం భాగాలు వాడతారన్న అనుమానంతో, కొత్త కొనుగోలును ఆరు నెలలు వాయిదా వేయాలని నోట్ రాసింది నేనే. ఆ ఆరు నెలలూ పాత యంత్రాలకు బ్యాటరీలు మార్చుకుంటూ గడిపాం. తీరా కొత్తవి వచ్చాక పాతదాని పక్కన పెట్టి చూస్తే, అదే నల్లటి పెట్టె, కీబోర్డు నడుమ అదే ఎర్రటి బుడిపె, మూత మీద అదే ఐబీఎం గుర్తు. నా నోట్‌కు ఆధారం లేదని ఒప్పుకోవలసి వచ్చింది.

ఆ యంత్రం అలాగే ఉండటం యాదృచ్ఛికం కాదు. ఐబీఎం పేరును అయిదేళ్ల వరకు వాడుకునే హక్కు లెనోవో ఒప్పందంలోనే రాయించుకుంది. థింక్‌ప్యాడ్ పేరు మాత్రం పూర్తిగా దాని సొంతమైంది. 1992 నుంచి థింక్‌ప్యాడ్‌లను తీర్చిదిద్దుతూ వచ్చిన జపాన్‌లోని యమాటో ప్రయోగశాల ఇంజనీర్లు కొత్త యాజమాన్యంలోనూ అదే పనిలో కొనసాగారు. మరమ్మతు సేవలను, కొనుగోలుకు అప్పు ఇచ్చే ఏర్పాటును ఐబీఎం నుంచే అందేలా చూసుకున్నారు. పైగా ఐబీఎం కొత్త కంపెనీలో 18.9 శాతం వాటా తీసుకుంది. అమ్మినవాడు కూడా వాటాదారుగా మిగిలాడంటే సరుకు మీద కొంత నమ్మకం ఉన్నట్టేనని మా కొనుగోలు అధికారి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. మా మూడు ప్రశ్నలకూ జవాబు ఒప్పందంలోనే ఉంది; మేమే చదవలేదు.

పేరు విషయంలో ఆ కంపెనీకి ముందే ఒక అనుభవం ఉంది. 1984లో బీజింగ్‌లో చైనా విజ్ఞాన అకాడమీ ఇచ్చిన 2 లక్షల యువాన్లతో ల్యూ చ్వాన్‌జ్రి, ఆయన సహచరులు మొదలుపెట్టిన ఆ సంస్థకు విదేశాల్లో ‘లెజెండ్’ అనే పేరుండేది. ఆ పేరు చాలా దేశాల్లో అప్పటికే ఇతరుల పేర నమోదై ఉండటంతో, 2003లో దాన్ని ‘లెనోవో’గా మార్చారు. అంటే ఒప్పందం నాటికి ఆ పేరు వయసు రెండేళ్లు కూడా లేదు. అంత పసి పేరును తెచ్చి థింక్‌ప్యాడ్ మూత మీద అతికించి ఉంటే ఆ పేరూ నిలిచేది కాదు, థింక్‌ప్యాడూ మిగిలేది కాదు. అందుకే సొంత పేరును 2006లో ‘లెనోవో 3000’ అనే వేరే శ్రేణితో అమెరికా మార్కెట్లోకి తెచ్చారు. టొరినో శీతాకాల ఒలింపిక్స్‌కూ, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కూ స్పాన్సర్‌గా నిలిచి ఆ పేరును జనం చెవిన వేశారు. బీజింగ్ ఒలింపిక్ జ్యోతి పట్టుకునే కాగడాను రూపొందించింది కూడా ఆ కంపెనీ డిజైనర్లే. ఈలోగా మాలాంటి సంస్థలకు కొత్త పేరు అలవాటైంది, అయిదేళ్ల గడువు తీరకముందే ఐబీఎం గుర్తును పక్కన పెట్టగలిగారు.

అయితే అంతా సాఫీగా సాగిందనుకోకండి. అమెరికాలో విదేశీ పెట్టుబడులను పరిశీలించే సంఘం ఆమోదించాకే 2005 మే 1న ఒప్పందం పూర్తయింది. మరుసటి ఏడాది ఆ దేశ విదేశాంగ శాఖ కొన్న 16,000 లెనోవో కంప్యూటర్లపై చట్టసభ సభ్యులు అభ్యంతరం చెప్పడంతో, వాటిని రహస్య సమాచారం ఉన్న నెట్‌వర్క్‌లకు దూరంగా ఉంచాలని నిర్ణయించారు. సంస్థ లోపల ఇంకో రకం ఇబ్బంది. ఆంగ్లాన్ని అధికార భాషగా పెట్టుకున్నారు, చైర్మన్ యాంగ్ యువాన్‌చింగ్ కుటుంబంతో సహా అమెరికా వచ్చి స్థిరపడి భాష నేర్చుకున్నారు. కానీ సమావేశాల్లో చైనా అధికారులు మాట్లాడకపోతే అమెరికన్లు దాన్ని అంగీకారం అనుకునేవారు. మౌనం అర్ధాంగీకారమని మనం అంటాం కదా. అక్కడ అది చాలాసార్లు ఆ సగం అంగీకారం కూడా కాదు.

అసలు పరీక్ష 2008 ఆర్థిక సంక్షోభంతో వచ్చింది. చైనా బయట లెనోవో అమ్మకాలు ఎక్కువగా పెద్ద సంస్థల మీదే ఆధారపడి ఉండేవి, ఆ సంస్థలు కొనుగోళ్లు ఆపేశాయి. మేమూ ఆపాం: మూడేళ్లకు మార్చవలసిన యంత్రాలను నాలుగో ఏడు కూడా వాడాం. ఆ ఆర్థిక సంవత్సరంలో కంపెనీకి 22.6 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. డెల్ నుంచి వచ్చి సీఈఓగా పనిచేస్తున్న విలియం అమేలియో తప్పుకున్నారు, ల్యూ తిరిగి చైర్మన్ అయ్యారు, యాంగ్ సీఈఓ బాధ్యత తీసుకున్నారు. అప్పటి నుంచి ఉన్న బలాన్ని, అంటే చైనా మార్కెట్‌నూ పెద్ద సంస్థల వ్యాపారాన్నీ, కాపాడుకుంటూనే వర్ధమాన దేశాల మీద, ఇళ్లలో వాడే కంప్యూటర్ల మీద గట్టిగా దృష్టి పెట్టారు. ప్రకటనల వల్లే బ్రాండ్ పెరిగిందనేవారు ఈ ఘట్టాన్ని మరిచిపోతారు. ఒలింపిక్స్ జరిగిన ఏడాదే నష్టాలు వచ్చాయి. దుకాణాల్లో, చిన్న పట్టణాల్లో సరుకు దొరికేలా చేశాకే పరిస్థితి చక్కబడింది. 2011లో జపాన్‌లో అక్కడి కంప్యూటర్ కంపెనీ ఎన్ఈసీతో ఉమ్మడి సంస్థ ఏర్పాటు చేసుకుని, జర్మనీలో ఎలక్ట్రానిక్స్ కంపెనీ మెడియాన్‌ను కొని, 2013లో ప్రపంచంలోనే అత్యధికంగా పర్సనల్ కంప్యూటర్లు అమ్మే కంపెనీగా నిలిచారు.

కొన్నదానిలో మార్చకూడనిదాన్ని మార్చకుండా ఉంచే ఈ సూత్రాన్ని వాళ్లే అన్ని చోట్లా పాటించలేదు. 2014లో గూగుల్ నుంచి 291 కోట్ల డాలర్లకు మోటరోలా ఫోన్ల వ్యాపారాన్ని కొన్నాక, రెండేళ్లు తిరగకముందే ఆ పాత పేరును కుదించి ‘మోటో’గా మార్చి, దాని పక్కన తమ పేరు చేర్చబోయారు; 2017లో మళ్లీ మోటరోలా పేరుకే తిరిగివచ్చారు. అదే 2014లో ఐబీఎం ఎక్స్86 సర్వర్ల (ఇంటెల్ తరహా ప్రాసెసర్లతో నడిచే సర్వర్ల) వ్యాపారం కూడా లెనోవో చేతికి వెళ్లింది. ఆ వార్త వచ్చినప్పుడు సర్వర్ల కొనుగోలును వాయిదా వేయాలా అని మా మేనేజర్ నన్నే అడిగాడు. ఈసారి ముందు ఒప్పందం వివరాలు చదివాను, సేవా బాధ్యత కొంతకాలం ఐబీఎం దగ్గరే ఉంటుందని చూశాను, వాయిదా నోట్ రాయలేదు.