డాక్టర్ సలహా: క్రియాటినిన్ 1.8 ఉంది, యాంజియోగ్రామ్ చేయించొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. కాస్త దూరం నడిస్తే ఛాతీ పట్టేస్తోంది. యాంజియోగ్రామ్ చేయాలన్నారు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.8 ఉంది. డై ఎక్కిస్తే కిడ్నీలు పాడై డయాలసిస్ దాకా వెళ్తుందని బంధువులు అంటున్నారు. వద్దని చెప్పేయమంటారా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దనకండి. నడిస్తే ఛాతీ పట్టేస్తోందంటే గుండె రక్తనాళాల్లో అడ్డు ఉందేమో చూడాల్సిందే. కూర్చున్నప్పుడు కూడా నొప్పి వస్తే ఇక ఆలోచించొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

అలాగని మీ బంధువుల భయం ఉత్తదేం కాదు. డై అంటే యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలు కనిపించేందుకు ఎక్కించే, అయోడిన్ ఉన్న మందు. అది కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. ఈ వయసులో క్రియాటినిన్ 1.8 అంటే కిడ్నీల పనితీరును చెప్పే ఈజీఎఫ్ఆర్ సుమారు 41 ఉంటుంది. దానికి తోడు షుగర్. కాబట్టి రిస్క్ ఉంది. అయితే డై వల్ల క్రియాటినిన్ పెరిగినా మూడు నుంచి ఐదు రోజులు ఎక్కువగా ఉండి, చాలామందిలో వారం పది రోజుల్లో దిగిపోతుంది. డయాలసిస్ అవసరమయ్యేది అరుదుగానే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది డై కంటే ఒంట్లో నీరు తగ్గడం. రాత్రి నుంచి ఏమీ తాగకుండా వస్తారు. పొద్దున తొమ్మిదింటికి అన్న కేసు మధ్యాహ్నం రెండింటికి జరుగుతుంది. అప్పటికి నాలుక పిడచకట్టుకుపోయి ఉంటుంది. అలాంటప్పుడు డై ఇస్తే కిడ్నీకి రెండు దెబ్బలు. అందుకే ముందూ తర్వాతా సెలైన్ పెట్టమని అడగండి. గుండె పంపింగ్ బలహీనంగా ఉంటే మాత్రం ఎంత పెట్టాలో డాక్టరే తేల్చాలి. నీళ్లు మంచివే కదా అని ఇంట్లో లీటర్లకు లీటర్లు తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసం వస్తుంది.

మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో కొనే పెయిన్ కిల్లర్లు వాడుతుంటే ఇప్పుడే మాన్పించండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతుంటే పరీక్ష రోజు నుంచి ఆపి, 48 గంటల తర్వాత క్రియాటినిన్ చూశాకే మళ్లీ మొదలుపెట్టాలి. బీపీ మాత్రలు, నీరు పోవడానికి ఇచ్చే మాత్రల సంగతి మీ డాక్టర్‌ను అడగండి, సొంతంగా ఆపొద్దు. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ మాత్రలు కిడ్నీని కాపాడతాయని కొందరు చెబుతారు. దాదాపు 5,000 మందిపై చేసి 2018లో వెలువరించిన ప్రిజర్వ్ అధ్యయనంలో వాటి వల్ల ప్రయోజనం కనిపించలేదు.

క్రియాటినిన్ సంగతి కార్డియాలజిస్టుకు ముందే చెప్పండి. డై వీలైనంత తక్కువ వాడతారు. స్టెంట్ అవసరమై, అది అత్యవసరం కాకపోతే, కొన్ని రోజులు ఆగి విడిగా వేసే వీలుంటుంది.

మర్నాడే డిశ్చార్జ్ చేస్తారు కదా, ఇంటికొచ్చాక రెండు మూడు రోజుల్లో క్రియాటినిన్ పరీక్ష మాత్రం మర్చిపోకండి. మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా ఆ రోజు దాకా కూడా ఆగొద్దు.