నాన్నగారి షష్టిపూర్తిలో పాత ఫొటోలను సంగీతంతో కలిపి తెర మీద చూపించడం ఎలా?

ఇంట్లోని ఆల్బములన్నీ వెతికి 300 ఫొటోలు పోగుచేశామని, వాటిని పాటలతో కలిపి ఫంక్షన్ హాలులో ప్రొజెక్టరు మీద చూపించాలంటే ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో చెప్పమని మీరు అడిగారు. మా బంధువుల శుభకార్యాలకూ, మా బడి పూర్వ విద్యార్థుల సమావేశాలకూ పదేళ్లుగా నేను ఇలాంటివి తయారుచేస్తున్నాను. సాఫ్ట్‌వేర్ ఏదైనా ఫరవాలేదు గానీ, ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ముచ్చటగా ఉన్నది హాలులో వెలవెలబోవడం చాలాసార్లు చూశాను. అందువల్ల మొదటి రోజు నుంచీ ఆ హాలులోని తెరనూ, స్పీకర్లనూ దృష్టిలో పెట్టుకొని పనిచేయమని నా సలహా.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా అమ్మానాన్నల యాభయ్యవ పెళ్లిరోజుకు, పెళ్లిచూపుల నాటి సంగతులను అమ్మ చేత చెప్పించి, ఫోన్‌లో రికార్డు చేసి, వారి పెళ్లి ఫొటోలు వచ్చే చోట ఆ మాటలు వినిపించేలా అమర్చాను. తీరా హాలులో మొదలుపెట్టేసరికి పాటలో వయొలిన్లు వినబడుతున్నాయి గానీ గాయని గొంతు మాత్రం బావిలోంచి వస్తున్నట్టుంది. అమ్మ మాటలు రావలసిన చోట పూర్తిగా నిశ్శబ్దం. ముందు వరుసలో కూర్చున్న అమ్మ కాసేపు చెవి ఒగ్గి విని, చివరికి నా వైపు చూసింది.

ఏం జరిగిందో మర్నాడు తెలిసింది. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వచ్చే స్టీరియో వైరును (కుడి, ఎడమ ధ్వనులు విడివిడిగా వచ్చేది) మిక్సర్‌లో, అంటే ధ్వనులను కలిపి స్పీకర్లకు పంపే పెట్టెలో, ఒకే ఒక బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో పెట్టారు. అలాంటి ఇన్‌పుట్ కుడి, ఎడమ చానళ్ల మధ్య ఉన్న తేడాను మాత్రమే తీసుకుంటుంది కాబట్టి, రెండింటిలోనూ సమానంగా ఉన్న ధ్వని ఒకదానినొకటి కొట్టేసుకుంటుంది. సినిమా పాటల్లో గాయకుల గొంతు సాధారణంగా నట్టనడుమ ఉంటుంది. ఫోన్‌లో రికార్డు చేసిన అమ్మ గొంతయితే రెండు వైపులా అచ్చంగా ఒకటే. అప్పటి నుంచీ ఒక కొసన 3.5 మిల్లీమీటర్ల పిన్ను, రెండో కొసన విడివిడిగా రెండు మోనో జాక్‌లు ఉండే వైరును నేనే వెంట తీసుకువెళుతున్నాను. ఆ రెండింటినీ మిక్సర్‌లో రెండు చానళ్లకు ఇవ్వమని సౌండ్ సిస్టమ్ చూసే వ్యక్తిని అడగండి. ఒక్క చానలే ఖాళీగా ఉంటుందన్న అనుమానం ఉంటే ధ్వనినంతా ముందే మోనోగా, అంటే రెండు చానళ్లలోనూ ఒకే ధ్వని ఉండేలా, మార్చి పెట్టుకోండి. అప్పుడు ఆ రెండు మోనో జాక్‌లలో ఒక్కటి పెట్టినా మొత్తం వినిపిస్తుంది. ప్రొజెక్టరుకు బొమ్మను పంపే హెచ్‌డీఎంఐ వైరు తగిలించగానే చాలా ల్యాప్‌టాప్‌లు ధ్వనిని ప్రొజెక్టరులో ఉండే చిన్న స్పీకరుకు మళ్లిస్తాయి, కాబట్టి సెట్టింగుల్లో దాన్ని తిరిగి హెడ్‌ఫోన్ వైపు మార్చాలి. ఛార్జర్ పెట్టినప్పుడు స్పీకర్లలో గుయ్యిమని మోత వస్తే, ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి.

ఇక తయారీ సంగతి. చాలామంది ముందు ఫొటోలు వరుసగా పేర్చుకొని, ఆ తరువాత వాటి కింద ఒక పాట అతికిస్తారు. నేను ముందు ధ్వనిని పూర్తిచేసి, ఆ తరువాతే ఫొటోల జోలికి వెళతాను. నాలుగు నిమిషాల పాట అంటే 240 సెకన్లు. ఒక్కో ఫొటోకు సగటున ఆరు సెకన్లు వేసుకుంటే 40 ఫొటోలు పడతాయి. రెండు పాటలూ, మధ్యలో కొన్ని మాటలూ కలిపి తొమ్మిది నిమిషాలకు మించకుండా చూసుకుంటే, మీ 300 ఫొటోల్లో 80 లేదా 90 మాత్రమే నిలుస్తాయి. ఏరేటప్పుడు ప్రాణం ఒప్పదు, నిజమే. మిగిలిన వాటిని భోజనాల దగ్గర ఒక టీవీలో సంగీతం లేకుండా తిప్పవచ్చు.

సగటు ఆరు సెకన్లంటే ప్రతి ఫొటోకూ సరిగ్గా ఆరు సెకన్లని అర్థం చేసుకోవద్దు. చరణానికి ముందు వచ్చే వాద్య సంగీతంలో పిల్లల అల్లరి ఫొటోలు తాళం దెబ్బ మీద చకచకా మారితే బాగుంటాయి. ఇరవై మంది నిలబడిన గ్రూపు ఫొటోకు పన్నెండు సెకన్లు ఇవ్వండి, ఎందుకంటే హాలులో ప్రతివారూ అందులో తమను తాము వెతుక్కుంటారు. పాటలో సాహిత్యం ఉంటే చూసేవారి ధ్యాస సగం మాటల మీదికి పోతుంది కాబట్టి, కాలం చేసిన తాతగారూ నాయనమ్మగారూ కనిపించే చోట నేను వేణువో వీణో మాత్రమే ఉంచుతాను. ఎవరైనా మాట్లాడే చోట వెనుక సంగీతాన్ని 12 నుంచి 15 డెసిబెల్స్ దాకా తగ్గించాలి. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ధ్వని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘ఆటో డక్’ అనే సాధనం ఈ పని చేసిపెడుతుంది.

ఒక ఫొటో కరిగి మరొకటి తేలడానికి రెండు సెకన్లు చాలు. ఆ రెండు సెకన్లలో రెండూ కలిసి తెర మీద మూడో బొమ్మ ఒకటి ఏర్పడుతుంది. ఫిల్ము మీది బొమ్మలను తెర మీద వేసే స్లైడ్ ప్రొజెక్టర్లను రెండింటిని పెట్టి, ఒకదాని దీపం తగ్గిస్తూ రెండోదాని దీపం పెంచిన రోజుల నుంచీ ఈ పనిలో ఆరితేరినవారు ఆ మూడో బొమ్మ కోసమే ఫొటోలను జతకూర్చేవారు. మా నాన్నగారి పదో తరగతి ఫొటోలోని కళ్లూ, ఉద్యోగ విరమణ నాటి ఫొటోలోని కళ్లూ తెర మీద ఒకే చోటికి వచ్చేలా నేను కత్తిరించి అమర్చాను. ఒకటి కరిగి రెండోది వచ్చేటప్పుడు కళ్లు కదలలేదు. చుట్టూ జుట్టు మాత్రం నెరుస్తూ వచ్చింది. అలాంటి జత ఒక్కటి దొరికితే చాలు, గిరగిర తిరిగే చట్రాలూ రాలే గులాబీ రేకులూ అక్కర్లేదు.

పాత ప్రింట్లను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేయండి. మూడున్నర అంగుళాల వెడల్పు, అయిదు అంగుళాల పొడవు ఉన్న ప్రింటు నుంచి 2100, 3000 పిక్సెళ్లు వస్తాయి, ఫుల్ హెచ్‌డీ తెరకు అది ధారాళంగా సరిపోతుంది. జిగురు పేజీల ఆల్బములకు అంటుకుపోయిన ఫొటోలను మాత్రం పీకవద్దు. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట ఆల్బమును పరిచి, ఫ్లాష్ లేకుండా పై నుంచి నిటారుగా ఫోన్‌తో తీయండి.

ప్రొజెక్టరుకు నలుపును వేయడం చేతకాదు. వెలుతురు పడని చోటే నలుపు. హాలులో దీపాలు వెలుగుతుంటే ఆ నలుపు కాస్తా బూడిద రంగవుతుంది. దానివల్ల నీడలో ఉన్న ముఖాలు, నల్ల కోట్లు, చీర అంచులు ముందు మాయమవుతాయి, కనుక ఫొటోల్లోని చీకటి భాగాలను ఇంటి దగ్గరే కొంచెం వెలిగించి పెట్టుకోండి. నిలువు ఫొటోలకు అటూ ఇటూ నలుపే వదలండి. 8 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు ఉన్న తెర మీద 16:9 బొమ్మ (వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 9 పాళ్లు) ఎత్తు నాలుగున్నర అడుగులే వస్తుందని గుర్తుంచుకోండి. తెరకు బదులు ఎల్‌ఈడీ వాల్ (చిన్న చిన్న ఎల్‌ఈడీ దీపాలు పొదిగిన గోడ) ఉంటే లెక్క మారుతుంది: మూడు మిల్లీమీటర్లకు ఒక చుక్క చొప్పున ఉండే 12 అడుగుల గోడలో అడ్డంగా దాదాపు 1,220 చుక్కలే ఉంటాయి, చిన్న అక్షరాలు అందులో ముద్దయిపోతాయి.

అక్షరాల మాట వచ్చింది కాబట్టి ఇదీ చూసుకోండి. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు ఒత్తులు విడిపోతాయి. ‘షష్టిపూర్తి’ అన్న మాటే తప్పుగా పడితే ఎంత కష్టంగా ఉంటుందో ఆలోచించండి. పేర్లూ సంవత్సరాలూ లిబ్రే ఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రామభద్ర, మండలి వంటి యూనికోడ్ ఫాంట్లతో రాసి, బొమ్మలుగా మార్చి వాడండి.

మీరు అడిగిన సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే, కంప్యూటరు గట్టిదైతే డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్, పాతదైతే షాట్‌కట్ సరిపోతుంది. చివరికి 1920×1080 కొలతలో ఎంపీ4 ఫైలుగా తీసి, ల్యాప్‌టాప్‌లోనూ రెండు పెన్‌డ్రైవుల్లోనూ పెట్టుకోండి. ఫోన్ సందేశాలు తెర మీదికి దూకకుండా నోటిఫికేషన్లు ఆపేయండి.

వీలైతే ముందు రోజు సాయంత్రం, లేదంటే పందిరి అలంకరణ జరుగుతుండగానైనా, హాలుకు వెళ్లి ఒకసారి మొత్తం వేసి, చివరి వరుసలో కూర్చొని చూడండి. అప్పుడే దీపాలు చూసే వ్యక్తితోనూ మాట్లాడండి: చివరి ఫొటో పది సెకన్లు నిలిచి, సంగీతం పూర్తిగా తగ్గి, తెర నల్లబడేదాకా హాలులో దీపాలు వేయవద్దని చెప్పి ఉంచండి.