"వైల్" ఇంటిపేరు కాదు చెల్లీ

ప్రశ్న: పెళ్లయి జర్మనీ వచ్చి ఏడాదైంది. మావారు ఇక్కడివారే. అత్తగారి డెబ్బయ్యో పుట్టినరోజుకి వాళ్ల పూర్వీకుల పెళ్లి వివరాలు చర్చి పుస్తకాల్లోంచి తీసి ఇవ్వాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ముందు పర్సు మూసెయ్, చెల్లీ. ఎనిమిదేళ్ల కిందట నేనూ నీలాగే ఉత్సాహపడి, డబ్బు కట్టే సైటులో ఏకంగా నెల పాసు కొన్నాను. పెళ్లికొడుకు ఊరు తెలుసు కదా అని రెండు వారాలు ఆ ఊరి పుస్తకమే తిరగేశాను. పెళ్లి అక్కడ జరిగితేగా! ఇక్కడా మామూలుగా పిల్ల ఊళ్లోనే చేసేవారు. గుంటూరు పిల్లకి ఈ మాత్రం తట్టొద్దూ? సగం పాసు అలా కరిగిపోయింది.

మిగతా సగంలో 1812 నాటి పెళ్లి దొరికింది. పెళ్లికూతురి తండ్రి పేరు ముందు "వైల్." అని ఉంది. అది ఇంటిపేరనుకుని చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో వైల్ వంశం కోసం గాలించాను. చివరికి పాత లిపి చదివిపెట్టే ఒకాయనకి పంపితే, గంటకింత అని బిల్లు వేసి ఒక్క ముక్క చెప్పాడు. అది "వైలాండ్"కి పొట్టి రూపమట, అంటే కీర్తిశేషులు. మన శుభలేఖ పట్టుకుని "ఈ కీ.శే. వాళ్లు ఎక్కడుంటారండీ" అని ఊరంతా అడిగినట్టుంది నా పని. ఆ మాటకి నేను కట్టింది మా ఇంటి నెల కిరాణా ఖర్చు. మావారికి ఇప్పటికీ చెప్పలేదు. ఆయనకి తెలుగు రాదు కాబట్టి ఇక్కడ ధైర్యంగా రాస్తున్నాను.

తర్వాత పంతం పట్టి కుర్రెంట్ అనే ఆ పాత జర్మన్ చేతిరాత లిపి నేనే నేర్చుకున్నాను. అందులో "e" అక్షరం "n"లా కనిపిస్తుంది, "u" మీద చిన్న కొక్కెం ఉంటుంది. అత్తగారి ఇంటిపేరు రోజూ పదిసార్లు చేత్తో రాయి, కంటికి అదే పట్టుబడుతుంది. పైసా ఖర్చు లేదు. నెల దగ్గర "8బ్ర్." అని ఉంటే ఆగస్టు అనుకునేవు, అది అక్టోబరు. సప్త, అష్ట, నవ, దశ అని సెప్టెంబరు నుంచి లెక్కపెట్టుకో.

క్యాథలిక్కులైతే మత్రికుల (Matricula) అనే సైటులో చాలా పుస్తకాలు ఉచితం. ప్రొటెస్టెంట్లైతే ఆర్కియోన్ (Archion) అనే సైటు, దానికి డబ్బు కట్టాలి. ఆ ఊరి పుస్తకాలు అందులో ఉన్నాయో లేదో చూశాకే పాసు కొను. 1876 నుంచి దేశమంతా పెళ్లిళ్లు ష్టాండెసామ్ట్‌లో, అంటే ప్రభుత్వ రిజిస్ట్రారు ఆఫీసులో, నమోదయ్యాయి. వాటి రూల్స్ ఆ ఆఫీసు సైటులోనే చూసుకో.

అన్నిటికంటే ముందు అత్తగారినే అడుగు. సర్‌ప్రైజ్ పోతే పోనీ, డబ్బు మిగులుతుంది. హిట్లర్ కాలంలో "ఆర్యులమే, మా పూర్వీకుల్లో యూదులు లేరు" అని నిరూపించుకోవడానికి చాలా కుటుంబాలు ఆనెన్‌పాస్ అనే చిన్న పుస్తకం రాయించుకున్నాయి. తాతముత్తాతల పెళ్లి ఎప్పుడు, ఏ ఊళ్లో అయిందో అందులో ఉంటుంది. కొందరికి దాన్ని బయటికి తీయడం ఇష్టముండదు, మెల్లిగా అడుగు. మా అత్తగారి బీరువా సొరుగులోనూ ఒకటి ఉంది. ఆవిడ దాన్ని తీసి నా చేతిలో పెట్టేసరికి నేను బిల్లు కట్టి మూడు నెలలైంది.