మెట్లెక్కే మోకాళ్లు, పాలు పిండే నడుము

ఎముకలు, కీళ్ల నొప్పుల మీద ఈ సంచికకు ఎంచుకున్న నాలుగు ఉత్తరాలూ తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకులవే. ఉత్తరాలను కుదించి, రాసినవారి పేర్లు తీసివేసి, వైద్యుల జవాబులతో ఇస్తున్నాము.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. తిరుపతిలో ఉంటున్నాము. రెండేళ్లుగా రెండు మోకాళ్లూ నొప్పి. ఎక్స్‌రే తీసి గుజ్జు అరిగిపోయిందన్నారు. బీపీకి మాత్రలు వాడుతున్నాను. మనవడి పుట్టువెంట్రుకలకు అలిపిరి నుంచి కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నాను. మోకాళ్ల మెట్టు దగ్గర మోకాళ్లతోనే ఎక్కాలని కూడా ఉంది. మందుల షాపులో కొన్న డైక్లోఫెనాక్ బిళ్ల రోజూ ఒకటి వేసుకుంటేగానీ ఇంటిపని సాగడం లేదు. గుజ్జు పెరగడానికి మాత్రలున్నాయా? నా మొక్కు తీరుతుందా?

జవాబు: అమ్మా, మొక్కు కంటే ముందు ఆ బిళ్ల గురించి చెప్పాలి. బీపీ మందుల్లో కొన్ని మూత్రపిండాలకు వెళ్లే రక్తప్రవాహం మీద పనిచేస్తాయి, కొన్ని మూత్రం ఎక్కువగా పోయేలా చేస్తాయి; వాటికి తోడుగా డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్లను నెలల తరబడి వాడితే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. పైగా ఆ బిళ్ల బీపీని పెంచుతుంది, కడుపులో పుండ్లు చేస్తుంది, గుండెకూ మంచిది కాదు. ఇదే మందు వాడిన పశువుల కళేబరాలను తిన్న రాబందులు మూత్రపిండాలు చెడిపోయి గుంపులు గుంపులుగా చనిపోవడంతో, 2006లో మన ప్రభుత్వం పశువైద్యంలో దానిని నిషేధించింది. మనిషి మూత్రపిండం రాబందు మూత్రపిండమంత సున్నితమైనది కాదు నిజమే, కానీ వైద్యుని చీటీ లేకుండా రోజూ మింగేంత తేలికైన మందు అది కాదని చెప్పడానికే ఈ మాట ఎత్తాను. ఈ వారంలోనే మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకొని, మీకు బీపీ మందు రాసిన వైద్యునికి ఈ సంగతి చెప్పండి. మోకాలికైతే అదే మందు పైపూత జెల్‌గా దొరుకుతుంది. అది రక్తంలోకి చేరేది చాలా తక్కువ కనుక మీ వంటివారికి బిళ్ల కంటే ముందు ఆలోచించవలసినది అదే, అయినా దానికీ వైద్యుని మాట తీసుకోండి.

గుజ్జు పెరగడానికి మాత్రలు లేవు. గ్లూకోసమైన్ పేరుతో అమ్మే మాత్రలు అరిగిన మృదులాస్థిని (మీరు గుజ్జు అంటున్నది ఇదే) తిరిగి మొలిపిస్తాయని నిరూపణ కాలేదు. అయితే ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకూ, మనిషి అనుభవించే నొప్పికీ నేరుగా లెక్క కుదరదు. చాలా అరిగిన మోకాళ్లతో పొలం పనులు చేసుకుంటున్నవారినీ, కొద్దిగా అరిగిన మోకాళ్లతో గడప దాటలేని వారినీ నేను ఒకే రోజు చూస్తుంటాను. ఈ తేడాలో పెద్ద భాగం తొడ ముందువైపు కండరానిది. ఆ కండరం బలంగా ఉంటే అడుగు వేసిన ప్రతిసారీ కీలు మీద పడే అదురును అది పంచుకుంటుంది. నొప్పికి భయపడి కదలడం మానేస్తే ముందుగా సన్నబడేదీ అదే.

ఇక మెట్ల లెక్క చూద్దాం. అలిపిరి దారిలో 3,550 మెట్లు, నడక దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారి చాలా పొట్టిది, 2,388 మెట్లే కనుక తేలిక అనుకొని మోకాళ్లనొప్పుల వారు అటు వెళ్తుంటారు, కానీ అక్కడ ఎక్కుడు ఊపిరి తీసుకోనివ్వదు. అలిపిరి దారిలో గాలిగోపురం దాటాక చాలా దూరం దాదాపు చదునుగా నడవవచ్చు, అందుకని మీకు నేను దానినే సూచిస్తాను. మెట్టు ఎక్కేటప్పుడు మోకాలి మీద శరీర బరువుకు మూడు రెట్లకు మించిన భారం పడుతుంది, దిగేటప్పుడు మరికొంత ఎక్కువ పడుతుంది. కాబట్టి నడిచి ఎక్కి, బస్సులో దిగండి. మొక్కు ఎక్కడానికే గదా. సామాను అలిపిరిలో అప్పగిస్తే దేవస్థానం వారే కొండ మీదికి చేరుస్తారు, భుజాన సంచి మోయవద్దు.

మోకాళ్ల మెట్టు విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. రామానుజులు కొండను పాదాలతో తొక్కకూడదని మోకాళ్లతో ఎక్కారని పెద్దలు చెబుతారు. ఆ భక్తికి నమస్కరిస్తూనే, అరిగిన చిప్పల మీద శరీర బరువంతా మోపి రాతి మెట్లు ఎక్కడం మీకు తగదని చెప్పక తప్పదు. అక్కడ ఒక మెట్టుకు పసుపు కుంకుమలు పెట్టి దండం పెట్టుకోండి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి గడిచిన తరువాతి వారం మా ఆసుపత్రి వరండాలో కూర్చునేవారిలో సగం మంది ఆ మెట్ల నుంచి వచ్చినవారే.

ప్రయాణానికి పన్నెండు వారాలు వ్యవధి పెట్టుకోండి. చేతులు లేని గట్టి కుర్చీ మీద కూర్చొని, చేతుల ఆసరా లేకుండా మెల్లగా లేచి మెల్లగా కూర్చోవడం పదిసార్లు, పూటకు రెండు విడతలు చేయండి. మంచం మీద వెల్లకిలా పడుకొని కాలిని నిటారుగా జానెడు ఎత్తి అయిదు లెక్కపెట్టి దించడం కూడా చేయండి. మొదట కొంచెం నొప్పి ఉంటుంది. ఆ నొప్పి మరునాటికి మామూలు స్థాయికి వస్తే మోతాదు సరిపోయినట్టు, రాకపోతే ఎక్కువైనట్టు. ఆరు వారాలకు ముందు ఫలితం కోసం చూడవద్దు. బరువు ఎక్కువగా ఉంటే తగ్గించుకోండి. ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. మోకాలు వాచి వేడిగా ఉన్నా, ఉదయం లేచాక గంటకు మించి కీళ్లు బిగుసుకుపోయి ఉన్నా అది అరుగుదల కాకపోవచ్చు. వేలి కణుపులు కూడా వాస్తుంటే కీళ్లవాతానికి రక్తపరీక్షలు అవసరం.

ప్రశ్న: పలమనేరు దగ్గర పల్లె మాది. వయసు 44. నాలుగు పాడి ఆవులున్నాయి. నాలుగు నెలలుగా నడుము కింద నొప్పి. స్కానింగులో ఎల్4–ఎల్5 (నడుము నాలుగో, అయిదో వెన్నుపూసలు) మధ్య ఉండే మెత్తని డిస్కు ఉబ్బిందని రాశారు. మూడు నెలలు మంచం దిగవద్దని, ఆవులు అమ్మేయమని తెలిసినవారంటున్నారు. సాయంత్రం పూట కొద్దిగా జ్వరం తగులుతోంది, చెమటలు పడుతున్నాయి, అది అలసట అనుకుంటున్నాను. అయిదారు నెలల కిందట ఒక ఆవు ఈచుకుపోతే (నెలలు నిండకముందే దూడ పడిపోతే) నేనే చేతులతో తీశాను. ఏం చేయమంటారు?

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో డిస్కు మాట కన్నా చివరి రెండు వాక్యాలు నన్ను ఆపాయి. పాడిపశువులకు వచ్చే బ్రూసెల్లోసిస్ అనే వ్యాధి వల్ల ఆవులు ఈచుకుపోతాయి. అలా పడిన దూడలోనూ, మావిలోనూ (మాయ), ఆవు స్రావాలలోనూ ఉండే సూక్ష్మజీవి చేతి గీతల ద్వారానూ, పచ్చిపాల ద్వారానూ మనిషికి సోకుతుంది. మనిషిలో అది వచ్చిపోయే జ్వరంగా, చెమటలుగా, నడుము నొప్పిగా నెలల తరబడి ఉండి, వెన్నుపూసల్లో, తుంటి కీళ్లలో స్థిరపడుతుంది. వెన్నుపూస క్షయ కూడా ఇదే వేషంలో వస్తుంది. మీకు ఈ రెండింటిలో ఏదో ఒకటి ఉన్నదని నేను చెప్పడం లేదు. లేదని తేలేదాకా మీ నొప్పికి డిస్కు అని పేరు పెట్టకూడదని చెబుతున్నాను. ఈ వారంలోనే దగ్గరి పెద్ద ఆసుపత్రికి వెళ్లి, ఆవు సంగతి మీరే ముందుగా చెప్పి, బ్రూసెల్లా రక్తపరీక్ష, ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ సూచనలు చెప్పే ఈఎస్‌ఆర్ రక్తపరీక్ష చేయించుకోండి. తీసిన స్కానింగు ఫిల్మును కూడా ఈ దృష్టితో మళ్లీ చూడమని అడగండి. మీరు చెప్పకపోతే ఆ ప్రశ్న అడిగే తీరిక అక్కడ ఎవరికీ ఉండకపోవచ్చు. వ్యాధి అని తేలితే కనీసం ఆరు వారాలు, వెన్నుకు చేరి ఉంటే అంతకంటే ఎక్కువ కాలం యాంటీబయాటిక్‌లు వాడాలి; జ్వరం తగ్గగానే మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. మీ ఇంట్లో ఎవరూ పచ్చిపాలు తాగవద్దు. పశువైద్యుని పిలిచి మందను పరీక్ష చేయించండి. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు ప్రభుత్వమే ఈ వ్యాధికి టీకా వేస్తుంది. ఇకపై ఈచుకుపోయిన దూడనూ మావినీ తొడుగులు లేకుండా ముట్టవద్దు.

పరీక్షల్లో ఏమీ లేదని తేలితే అప్పుడు డిస్కు దగ్గరికి వద్దాం. నొప్పి ఎరుగని ఇరవయ్యేళ్ల వారికి స్కానింగు తీస్తే వందలో ముప్పై మందికి డిస్కు ఉబ్బు కనిపిస్తుంది, ఎనభై ఏళ్లవారిలో ఎనభైమందికి పైగా కనిపిస్తుంది. నెరిసిన జుట్టు వంటిది అది. స్కానింగు కాగితంలోని ఆ ఒక్క మాటతో మనుషులు వంగడం మానేసి, బెల్టు కట్టుకొని, సొంత వెన్నెముకను గాజుబొమ్మలా చూసుకోవడం నేను చాలా చూశాను, నా అనుభవంలో ఆ భయం చేసిన చెడుపు డిస్కు చేసినదానికంటే ఎక్కువ. మూడు నెలలు మంచాన పడుకుంటే నడుము కండరాలు కరిగిపోతాయి. భరించలేని నొప్పి ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులు తప్ప పడక అవసరం లేదు. ఆవులను అమ్మనూ అక్కరలేదు.

మార్చవలసింది పని చేసే వేళ, పని చేసే తీరు. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకొని ఉబ్బుతాయి, అందుకే తెల్లవారి లేచినప్పుడు మనిషి సాయంత్రం కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగ్గా ఉంటాడు. ఆ వేళ డిస్కు బిగువుగా ఉండి, ముందుకు వంగితే దానిమీద ఒత్తిడి ఎక్కువవుతుంది. పాల బండి వచ్చే వేళకు అందించాలని మీరు లేచీ లేవగానే వంగి పేడ ఎత్తి, వెంటనే గొంతుక్కూర్చొని పాలు పిండుతూ ఉంటారు. అరగంట ముందు లేచి, అటూ ఇటూ నడిచి, నిలబడి చేసే పనులు కానిచ్చి, తరువాత వంగే పనులకు దిగండి. గొంతుక్కూర్చోవడానికి బదులు జానెడు ఎత్తున్న పీట వేసుకొని ఆవు పొట్టకు దగ్గరగా జరిగి కూర్చోండి. రెండు ఆవుల మధ్య లేచి నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకొని అయిదారుసార్లు వెనక్కి వంగండి. క్యానును నిండుగా ఒక్కసారి మోసేకంటే సగం సగంగా రెండుసార్లు ఒంటికి ఆనించి మోయండి.

ఒక్క హెచ్చరిక: మూత్రం రాకపోవడం, తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కడం, పాదం పైకి లేవకపోవడం వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే తిరుపతిలోని పెద్దాసుపత్రికి బయలుదేరాలి, తెల్లారనీ అనుకోకూడదు.

ప్రశ్న: మాది నగరి. మా అబ్బాయికి 14 ఏళ్లు. బడిలో కబడ్డీ ఆడుతూ చీలమండ లోపలికి మడతపడింది. రెండు రోజులైంది, వాపు ఉంది, కుంటుతున్నాడు. వాళ్ల అవ్వ పుత్తూరు కట్టు కట్టించమంటోంది. నేను వేడి నూనెతో రుద్దుతున్నాను.

జవాబు: రుద్దడం ఈ పూటే ఆపండి. తెగిన పోగుల నుంచి ఇంకా రక్తం ఊరుతున్న రోజుల్లో వేడి, మర్దన వాపును పెంచుతాయి. గుడ్డలో చుట్టిన మంచు పావుగంట చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టి, ఎలాస్టిక్ పట్టీ చుట్టి, పడుకున్నప్పుడు కాలిని దిండు మీద ఎత్తి ఉంచండి.

పుత్తూరు కట్టు మీద మా వృత్తిలో చాలామందికున్న వెక్కిరింపు నాకు లేదు. పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ కలిసి ఎముకను కదలకుండా పట్టి ఉంచుతాయి, కదలకుండా ఉంచితే సాదాగా విరిగిన ఎముక అతుక్కుంటుంది. దక్షిణాది రాష్ట్రాల నుంచి జనం అక్కడికి రావడం ఊరికే కాదు. కానీ ఏ ఎముక విరిగిందో, అది ఎటు పక్కకు జరిగిందో చేత్తో తడిమి ప్రతిసారీ తెలియదు. మీ అబ్బాయి వయసులో ఎముక చివర పెరిగే పొర ఇంకా మూసుకోదు, అది పక్కనే ఎముకలను కలిపి ఉంచే నరపు పట్టీల కంటే బలహీనం, కనుక పెద్దవారికి బెణుకు అయ్యే దెబ్బ పిల్లలకు ఆ పొర విరగడం కావచ్చు. అది వంకరగా అతికితే కాలు వంకరగా పెరుగుతుంది. నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ పక్క ఎముకను నొక్కితే నొప్పి అనిపించినా ముందు ఎక్స్‌రే తీయించాలి. మీవాడు రెండు రోజుల తరువాత కూడా కుంటుతున్నాడు గనుక ఎలాగూ తీయించండి. తరువాత కట్టు ఎక్కడ కట్టించినా ఒకటి గుర్తుంచుకోండి: వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి గంట గంటకూ పెరుగుతున్నా ఆ కట్టును అర్ధరాత్రయినా కోసి తీయాలి. అవ్వగారికి కోపం వచ్చినా సరే.

ఎముక బాగుంటే వాపు తగ్గాక ఒంటికాలి మీద నిలబడే అభ్యాసం రోజూ చేయించండి. నొప్పి పోయిందని వారానికే మైదానంలోకి పంపితే అదే చీలమండ మళ్లీ మడతపడుతుంది.

ప్రశ్న: చిత్తూరులో ఉంటాను. 22 ఏళ్ల అమ్మాయిని. కానిస్టేబుల్ పరీక్షకు 1,600 మీటర్ల పరుగు కోసం నెల నుంచి తారురోడ్డు మీద రోజూ పరుగెడుతున్నాను. మోకాలి కింద, కాలి ముందు ఎముక లోపలి అంచున నొప్పి. త్వరగా బరువు తగ్గాలని రాత్రి భోజనం మానేశాను. రెండు నెలలుగా నెలసరి రాలేదు. పరుగు ఆపాలా?

జవాబు: అమ్మా, నొప్పి ఎముక అంచు వెంబడి జానెడు పొడవునా ఉంటే, పరుగు మొదట్లో ఎక్కువగా ఉండి వేడెక్కాక తగ్గుతుంటే, అది ఎముక పైపొర మంట. నెల రోజుల్లో కాళ్లు అలవాటు పడలేనంత పరుగు పెట్టినందుకు వచ్చింది. ఒక్క వేలితో చూపించగలిగిన చోటే నొప్పి ఉన్నా, ఆ కాలి మీద గెంతితే చురుక్కుమన్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉన్నా ఎముకకు సన్నని చీలిక వచ్చి ఉండవచ్చు. ఆ చీలిక మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేకు దొరకదు, కాబట్టి ఎక్స్‌రే బాగుందన్న మాట మీద పరుగు కొనసాగించవద్దు. మీకు నెలసరి ఆగిపోవడం నాకు రెండవ అనుమానాన్నే బలపరుస్తోంది. తినే తిండి చాలక శరీరం నెలసరిని ఆపినప్పుడు ఎముకకు కూడా కోత పెడుతుంది. రాత్రి భోజనం ఈ రోజే మొదలుపెట్టండి. స్త్రీవైద్యురాలిని, ఎముకల వైద్యుని ఇద్దరినీ కలవండి. చీలిక అని తేలితే ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు ఉండదు. ఆ రోజుల్లో నొప్పి పుట్టకపోతే సైకిలు తొక్కవచ్చు. తిరిగి మొదలుపెట్టేటప్పుడు తారురోడ్డు వదిలి మట్టి మైదానంలో, రోజు విడిచి రోజు, రెండు నిమిషాలు నడక ఒక నిమిషం పరుగు చొప్పున మొదలుపెట్టి, పరుగు వంతును వారం వారం కొద్దికొద్దిగానే పెంచండి. అడుగు భాగం అరిగిన బూట్లు ఉంటే ముందు వాటిని మార్చండి.